పళ్ళెం తిరగేసి చూడండి

(సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళు టైలరింగు గురించి, ఎండు చేపల గురించి, క్యాంటీను గురించి చెప్పారు. మమ్మల్ని పాత ఇంగ్లీషు పింగాణీ గురించి, అందులోనూ చేత్తో రంగులు వేసిన పింగాణీ గురించి మాట్లాడమన్నారు. ఆ మాట మైకులో చెప్పగానే వెనక వరసలో ఒక అక్క, "అది దొరల సరదా కదా, మనకెందుకమ్మా" అన్నారు. మాకు వినబడింది. మంచి ప్రశ్నే అడిగారు. దానికే జవాబు చెప్తాం.

మాది పాత ఊరు. సంఘంలో పన్నెండు మందిమి. అందులో నలుగురు ఇంటింటికీ తిరిగి పాత బట్టలు, పాత సామాన్లు తీసుకుని స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ టబ్బులు ఇస్తారు. ఇద్దరికి తుక్కు షాపులో పని. కోట వీధిలో పాత ఇల్లు పడగొట్టినా, వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో బంగళా తీసేసి అపార్టుమెంటు కట్టినా, అటక మీద సామాను ముందు వచ్చేది ఇలాంటి మన ఆడవాళ్ళ తట్టలోకే. దాని అసలు ధర తెలిసేది మాత్రం మూడో చేతికో నాలుగో చేతికో.

మా సభ్యురాలు ఒకావిడకి అలాగే ఒక పాత ఇంట్లో ఆరు పూల పళ్ళేలు దొరికాయి. బదులుగా ఒక స్టీలు బకెట్టు ఇచ్చింది. పళ్ళేలు తీసుకెళ్ళి పాత వస్తువుల షాపులో ఆరూ కలిపి ఆరు వందలకి అమ్మింది. బకెట్టు ఖర్చు పోను నాలుగు డబ్బులు మిగిలాయని సంతోషపడింది. నెల తిరక్కుండా అదే షాపు అద్దాల బీరువాలో అవే పళ్ళేలు కనబడ్డాయి. ఒక్కోదానికి రెండున్నర వేలు అని చీటీ ఉంది. ఆవిడ ఏడవలేదు, ఆయనతో తగువూ పెట్టుకోలేదు. నెల సమావేశానికి వచ్చి ఒకటే మాట అడిగింది. "నాకు తెలియనిది ఆయనకేటి తెలుసు?"

రెండేళ్ళుగా మా సంఘం ఆ ప్రశ్న వెంటే పడింది. చదివించుకున్నాం, తెలిసినవాళ్ళని అడిగాం, మ్యూజియాలకి వెళ్ళి చూశాం. ఏం తెలిసిందో వరసగా చెప్తాం.

ముందు, ఈ సామాను మన ఊరికి ఎలా వచ్చిందో చూద్దాం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు 17వ శతాబ్దంలోనే ఇక్కడ వ్యాపారం పెట్టారు. ఆ తర్వాత కలెక్టర్లు, మిలటరీవాళ్ళు, రైల్వేవాళ్ళు, హార్బరువాళ్ళు వచ్చారు. 1933లో హార్బరు తెరవక ముందు ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి. సరుకంతా మసూలా పడవల మీద ఒడ్డుకి చేరేది. దొరలు తినడానికి, టీ తాగడానికి వాడే సామాను వాళ్ళ దేశం నుంచి వచ్చేది. జమీందార్ల కోటల్లోకీ ఇలాంటివి చేరాయి. బీచి రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది కదా, అక్కడ కత్తులతో, నాణేలతో పాటు పాత పింగాణీ సామాను కూడా పెట్టారు. ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఆ బీరువా దగ్గర కాసేపు ఆగండి.

దొరలు వెళ్ళిపోయేటప్పుడు కొంత వేలంలో పోయింది, కొంత వంటవాళ్ళకి, ఆయాలకి ఇచ్చేశారు. మా సభ్యుల్లో ఇద్దరి అమ్మమ్మలు బంగళాల్లో పని చేసినవాళ్ళే. ఆ కప్పులు, పళ్ళేలు మన ఇళ్ళకి వచ్చాయి గానీ వంటింట్లోకి రానివ్వలేదు. మన పెద్దవాళ్ళకి మడి, ఎంగిలి పట్టింపు. ఆవకాయ జాడీకి ఉన్న గౌరవం దొరల పళ్ళేనికి లేదు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశారు. వాడకపోవడం వల్లే అవి పగలకుండా ఇన్నాళ్ళు మిగిలాయి.

ఇప్పుడు ఆ పూలు వేసిందెవరో చెప్తాం. మాకు బాగా పట్టింది ఈ భాగమే.

ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైరు అనే జిల్లా ఉంది. అక్కడ స్టోక్ అనే ఊరు చుట్టూ బంకమన్ను, బొగ్గు రెండూ దొరుకుతాయి. మన దగ్గర స్టీలు ప్లాంటు చుట్టూ గాజువాక పెరిగినట్టు, అక్కడ బట్టీల చుట్టూ ఆరు ఊళ్ళు పెరిగాయి. ఆ ఫ్యాక్టరీల్లో కుంచె పట్టి రంగులు వేసేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు. వాళ్ళని పెయింట్రెస్‌లు అనేవారు. పన్నెండు, పదమూడేళ్ళకి బడి మానేసి పనిలో చేరేవారు. కూలి డజన్ల లెక్కన. మన బీడీలు వెయ్యికి ఇంత అన్నట్టే.

19వ శతాబ్దంలో కొన్నిచోట్ల మగ పనివాళ్ళు పట్టుబట్టి ఆడవాళ్ళకి చెయ్యి ఆనించుకునే కర్ర కూడా లేకుండా చేశారు. సన్నటి గీత గీయాలంటే మణికట్టుకి ఆసరా కావాలి. అది ఉంటే ఆడవాళ్ళు తమతో సమానంగా పని చేస్తారని వాళ్ళ భయం. ఇంకో కష్టం సీసం. పైన మెరిసే పూతలో, రంగుల్లో సీసం కలిపేవారు. అది ఒంట్లో చేరి ఆడవాళ్ళకి గర్భాలు పోయేవి, చేతులు పడిపోయేవి, చూపు పోయేది. 1890 దశకంలో దాని మీద పెద్ద గొడవ జరిగాకే అక్కడి ప్రభుత్వం నిబంధనలు బిగించింది. అటక మీది పళ్ళెంలో పువ్వు చూసినప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఆ పనివాళ్ళలోంచే క్లారిస్ క్లిఫ్ అనే ఆవిడ పైకి వచ్చింది. 1899లో పుట్టింది. పదమూడేళ్ళకే కుంచె పనిలో చేరింది. 1916లో ఇంకో పెద్ద ఫ్యాక్టరీకి మారింది. ఆ యజమానులు పక్కనున్న న్యూపోర్ట్ పాటరీ కూడా కొన్నారు. దాంతోపాటు గోదాము నిండా అమ్ముడుపోని పాత తెల్ల సామాను వచ్చింది. చాలావాటికి చిన్న చిన్న లోపాలున్నాయి. 1927లో ఆవిడకి అక్కడ ఒక గది ఇచ్చారు. ఆవిడ ఆ లోపాలు కనబడకుండా నారింజ, పసుపు, నీలం రంగులు దట్టంగా, పెద్ద పెద్ద త్రికోణాలుగా వేసింది. "బిజార్" అని పేరు పెట్టింది. వింత అని అర్థం. 1928లో బజారుకి వచ్చింది. షాపులవాళ్ళు అనుమానపడ్డారు గానీ కొనేవాళ్ళు ఎగబడ్డారు.

తర్వాత చుట్టుపక్కల ఆడపిల్లల్ని పదుల సంఖ్యలో పనిలో పెట్టుకుంది. క్రోకస్ అనే పువ్వు డిజైను చాలా పేరు తెచ్చింది. రేకలు కింద నుంచి పైకి ఒక్కో కుంచె దెబ్బతో లాగేవారు. తర్వాత కప్పు తలకిందులు చేసి, సన్నటి గీతలతో ఆకులు వేసేవారు. మన సంక్రాంతి ముగ్గులో చెయ్యి ఎత్తకుండా గీత లాగినట్టే. గీత పడ్డాక దిద్దడం ఉండదు. అందుకే ఏ రెండు కప్పులూ అచ్చం ఒకలా ఉండవు.

2004లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో ఆవిడ డిజైను వేసిన ఒక పెద్ద పళ్ళెం 39,500 పౌండ్లకి పోయింది. దాని అడుగున ఉన్న పేరు క్లారిస్ క్లిఫ్‌ది ఒక్కటే. నిజంగా కుంచె పట్టిన అమ్మాయిల పేర్లు ఆ ముద్రలో లేవు.

మరి మన తట్టలోకి వచ్చిన పళ్ళెం ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలి? ఆ షాపాయనకి తెలిసినవి ఈ నాలుగైదు సంగతులే.

మొదటిది, చేతి పనా, అచ్చా అని చూడాలి. చేతి పనైతే కుంచె ఆనిన చోట రంగు ఒకవైపు దట్టంగా, లాగిన కొస పలచగా ఉంటుంది. వేలితో తడిమితే కొన్నిటికి రంగు కాస్త ఎత్తుగా తగులుతుంది. ఒకే సెట్టులో రెండు పళ్ళేలు పక్కపక్కన పెడితే పువ్వుకీ పువ్వుకీ తేడా కనబడుతుంది. అచ్చు కాగితంతో దింపిన బొమ్మ అన్నిటికీ ఒకేలా ఉంటుంది. అంచు దగ్గర కాగితం అతుకు పెట్టిన చోట డిజైను తెగినట్టుంటుంది. భూతద్దంతో చూస్తే పేపరు ఫొటోలో లాగా చుక్కలు కనబడినా అచ్చే. నీలం రంగులో వంతెన, చెట్టు, పైన రెండు పిట్టలు ఉన్న పళ్ళేలు మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని విల్లో డిజైను అంటారు. చూడ్డానికి బాగుంటుంది, దాదాపు అన్నీ అచ్చువే. కొన్ని మాత్రం, అచ్చు గీతల మధ్య ఆడవాళ్ళు రంగు నింపినవి కూడా ఉంటాయి.

రెండోది, తిరగేసి అడుగు చూడాలి. "ఇంగ్లండ్" అనే మాట ఉంటే సాధారణంగా 1891 తర్వాతది. అమెరికా ఆ ఏడాది నుంచి, తమ దేశానికి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని చట్టం పెట్టింది. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటే 20వ శతాబ్దం అనుకోవచ్చు. నాలుగు మూలల డైమండు ఆకారంలో ముద్ర ఉంటే, ఆ డిజైను 1842కీ 1883కీ మధ్య రిజిస్టరయింది. 1884 నుంచి నెంబరు వేయడం మొదలుపెట్టారు. ఒకటి నుంచి మొదలైంది కాబట్టి, నెంబరు చిన్నదైతే డిజైను పాతది. అయితే అది డిజైను వయసు. పళ్ళెం ఆ తర్వాత ఎప్పుడైనా చేసి ఉండొచ్చు. ముద్ర పక్కన కుంచెతో పెట్టిన చిన్న గుర్తో, అక్షరమో ఉంటే అది రంగు వేసినవాళ్ళ గుర్తు కావచ్చు. కూలి లెక్క కోసం పెట్టుకునేవారు. మైక్రోవేవ్ అనే మాట కనబడితే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు, కొత్తదే.

మూడోది, లైటుకి ఎదురుగా పెట్టి వెనక వేళ్ళు ఆడించండి. వేళ్ళ నీడ కనబడితే బోన్ చైనా, లేకపోతే పోర్సలీన్. కనబడకపోతే సాధారణంగా మామూలు మట్టి సామాను. బోన్ చైనా అంటే మన్నులో పశువుల ఎముకల బూడిద దాదాపు సగం పాలు కలిపి చేసింది. పూజకి వాడుకునేవాళ్ళు, పట్టింపు ఉన్నవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. కొనేవాళ్ళు అడిగితే దాచకుండా చెప్పాలి.

నాలుగోది, వేలి గోటితో మెల్లగా కొట్టండి. గంటలా మోగితే మంచిది. బద్దగా మోగితే కంటికి కనబడని బీట ఉండొచ్చు. అంచు పెచ్చు లేచినా, బీట ఉన్నా ధర బాగా పడిపోతుంది.

ఐదోది నకిలీలు. పాత పేరు మీద తర్వాత చేసినవి చాలా ఉన్నాయి. క్లారిస్ క్లిఫ్ డిజైన్లనే 1990 దశకంలో వెడ్జ్‌వుడ్ కంపెనీవాళ్ళు మళ్ళీ చేశారు. వాళ్ళు అడుగున ఆ సంగతి రాసే అమ్మారు. ఆ రాత చదవకుండా కొంటే మోసపోయేది మనమే.

సామాను చేతికి వచ్చాక బూడిద, పీచు, చింతపండు పెట్టి తోమకండి. పూత మీద వేసిన రంగు, బంగారు అంచు ఒక్క తోముడుకే పోతాయి. ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో తుడవాలి. పళ్ళేనికీ పళ్ళేనికీ మధ్య కాగితమో గుడ్డో పెట్టాలి. విరిగినదాన్ని ఫెవిక్విక్‌తో అతికించి మంచిదని అమ్మొద్దు. ఇంకో ముఖ్యమైన మాట. పాత రంగుల సామానులో అన్నం, పులుసు, ఊరగాయ పెట్టకండి. పులుపు తగిలితే సీసం దిగుతుంది. పిల్లలకి అసలు ఇవ్వొద్దు. అవి చూసుకోవడానికే.

ఇంక చట్టం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన కళావస్తువు, చేతిపని వస్తువు పురావస్తువు కిందకి వస్తుంది. అలాంటివి కొని అమ్మే వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. దేశం బయటికి మనలాంటివాళ్ళు పంపకూడదు. 1928లో చేసిన పళ్ళేనికి 2028లో వందేళ్ళు నిండుతాయి. అంటే ఇవాళ మామూలుగా అమ్మే వస్తువు రేపు చట్టం కిందకి వస్తుంది. పాతదని అనుమానం ఉంటే మ్యూజియంవాళ్ళకి చూపించి అడగండి. "విదేశాలకి కొరియర్ చేద్దాం, కమీషను ఇస్తాం" అని ఎవరైనా వస్తే గుమ్మం దగ్గర నుంచే పంపించెయ్యండి. ఏనుగు దంతం ముక్క ఉన్న పెట్టె గానీ కుర్చీ గానీ వస్తే ముట్టుకోకండి. దంతం వ్యాపారం నేరం.

దంతం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం పనివాళ్ళు ఇంగ్లీషు దొరల కోసం కర్ర మీద దంతం పొదిగి, దాని మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపి కుర్చీలు, బీరువాలు, రాత పెట్టెలు చేసేవారు. ఇవాళ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఉన్నాయి. వాటి కింద "విజగపటం" అని మన ఊరి పేరు రాస్తారు. చేసిన మనిషి పేరు ఉండదు. అక్కడి ఫ్యాక్టరీ అమ్మాయి పేరూ లేదు, ఇక్కడి పనివాడి పేరూ లేదు.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా మా సంఘం నుంచి కొందరం వెళ్ళాం. ఎక్కువగా మూడో సాలార్‌జంగ్ పోగేసిన సామానుతో 1951లో తెరిచిన మ్యూజియం అది. అందరూ గడియారం గంట కొట్టే బొమ్మ కోసం గుంపుగా నిలబడతారు. మేమూ నిలబడ్డాం. తర్వాత యూరపు పింగాణీ గదిలోకి వెళితే మా నలుగురు వ్యాపారం అక్కలు గంటసేపు కదల్లేదు. ఒక్కో కప్పు దగ్గర వంగి అడుగు చూడాలని చూస్తుంటే కాపలా ఆయన నవ్వాడు. ఆ రోజు మాకు ఒకటి అర్థమైంది. పోగెయ్యడం నవాబులకే కాదు, ఎవరికైనా చేతనవుతుంది. మా అక్క ఒకావిడ రకానికి ఒక్క కప్పు చొప్పున, పెచ్చు లేచినవే, పదకొండు పోగేసింది. అమ్మడానికి కాదు. కొత్త వస్తువు వస్తే పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి. అదే మా సంఘం పాఠాల పుస్తకం.

ఇప్పుడు సమాఖ్య ముందున్న అసలు విషయం. ఇంకో రెండు సంఘాలవాళ్ళు పాత పింగాణీ కొనడానికి అప్పు అడిగారు. ఇవ్వాలా వద్దా అని కార్యవర్గం మా అభిప్రాయం అడిగింది. లండన్ వేలం ధర చెప్పింది మేమే కాబట్టి జాగ్రత్త చెప్పాల్సిందీ మేమే. అంత ధర పలికేది ఎక్కడో ఒక్కటి. మన చేతికి వచ్చేవాటిలో చాలావరకు వందల్లోనే పోతాయి. కొనేవాడు దొరకడానికి ఆరు నెలలు పట్టొచ్చు, వాయిదా మాత్రం నెల నెలా కట్టాలి. అందుకని మా మాట ఇది.

ఇప్పటికే పాత సామాన్ల వ్యాపారంలో ఉన్నవాళ్ళకే ఇవ్వండి. మొదటిసారి పది వేలు దాటొద్దు. ఒకే వస్తువు మీద అంతా పెట్టనివ్వొద్దు. చీర కుదువ పెట్టి, చెవిదిద్దులు పెట్టి కొనే వ్యాపారం కాదిది. ప్రతి వస్తువుకీ ముందు, వెనక ఫోనులో ఫొటో తీయాలి. ఏ వీధిలో, ఎంతకి కొన్నాం, ఎవరికి ఎంతకి అమ్మాం అని రిజిస్టరులో రాయాలి. ముగ్గుర్ని ధర అడగకుండా అమ్మకూడదు. ఇంకొకటి కూడా పెట్టుకున్నాం. ఇంటివాళ్ళకి వాళ్ళ వస్తువు మంచిదని తెలియకపోతే మనమే చెప్పాలి. బకెట్టుకి పళ్ళేలు ఇచ్చేసే ముసలమ్మ కూడా మనలాంటి ఆడమనిషే. ఆ షాపాయన మనకి చేసింది మనం ఆమెకి చెయ్యకూడదు. మా వాళ్ళు ఇప్పుడు "అమ్మా, ఇది పాత చేతి పని, ఇంత పలకొచ్చు" అని చెప్పి సగం సగం ఒప్పందం మీద తీసుకుంటున్నారు. లాభం తగ్గింది గానీ, ఆ వీధుల్లో వాళ్ళే పిలిచి ఇస్తున్నారు.

ఆఖరి మాట మనం తయారు చేసే సరుకు గురించి. ఏటికొప్పాక లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి గుర్తింపు రావడం మంచిదే. ఇప్పుడు మన సమాఖ్యలో కొబ్బరి పీచు బుట్టలు, జూట్ సంచులు, రంగు కుండలు చేసేవాళ్ళు రెండు వందల మంది దాకా ఉన్నారు. సంచి మీద సంఘం పేరు అచ్చు వేస్తున్నాం. దాని కింద కుట్టిన మనిషి పేరు కూడా వెయ్యాలని మేం తీర్మానం పెడుతున్నాం. చిన్న చీటీ చాలు. పెద్ద ఖర్చు కాదు. వందేళ్ళ తర్వాత ఏ మనవరాలో దాన్ని తిరగేసి చూస్తే, చేసింది ఫలానా అమ్మ అని తెలియాలి.

ఇంటికెళ్ళాక అటక మీద ఏముందో ఒకసారి దింపి చూడండి. అమ్మేముందు మా సంఘానికి చూపించండి. ప్రతి రెండో శనివారం సమావేశంలో డబ్బు తీసుకోకుండా చూసి చెప్తాం. మా తీర్మానాన్ని బలపరచమని కోరుతున్నాం.